ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు కీమో: రెండు చీటీలను పోల్చి చూడడం ఎలా

ఒకే ఫైలు పట్టుకుని ఇద్దరు ఆంకాలజిస్టుల దగ్గరికి వెళ్తే రెండు రకాల చీటీలు రావడం మామూలే. ఒకరు వారం వారం పాక్లిటాక్సెల్ ఒక్కటే చాలంటారు. ఇంకొకరు రెండు మందులు కలిపి మూడు వారాలకోసారి ఎక్కిద్దామంటారు. ఇంటికొచ్చాక అందరూ అడిగేది ఒకటే: 'రెండిట్లో ఏది పవర్‌ఫుల్?' నాలుగో స్టేజ్‌లో ఆ ప్రశ్న ఎక్కడికీ తీసుకెళ్లదు. ఇప్పుడు ఏది, దాని తర్వాత ఏది, ఆ తర్వాతిది తట్టుకునే ఓపిక ఒంట్లో మిగులుతుందా అని అడగాలి. ఈ దశలో వైద్యమంటే ఉన్న మందులను వరస పెట్టి, ఒక్కోదాన్ని అది పనిచేసినంత కాలం వాడుకుంటూ పోవడం. కాబట్టి పోల్చాల్సింది రెండు వరసలను.

మందు పేరు కంటే ముందు రిపోర్టు

బయాప్సీ రిపోర్టులో మూడు మాటలు వెతకండి: ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ కణం మీది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ల రిసెప్టర్లు, అంటే హార్మోన్ అతుక్కునే చోట్లు), హెర్‌2 (కణం పెరగడానికి తోడ్పడే ప్రోటీన్). మొదటి రెండూ శాతాల్లో ఉంటాయి. హెర్‌2ను ఐహెచ్‌సీ అనే రంగు వేసి చూసే పరీక్షలో 0, 1+, 2+, 3+ అని రాస్తారు. 3+ అయితే పాజిటివ్. 2+ వచ్చిందంటే రిపోర్టు ఇంకా సగమే వచ్చినట్టు, ఫిష్ పరీక్ష (హెర్‌2 జన్యువు కాపీలను లెక్కపెట్టేది) చేస్తే గానీ తేలదు. ఫిష్ ఖర్చుకు వెనకాడి దాన్ని నెగటివ్ కింద జమకట్టి కీమో మొదలుపెడితే, అసలు పనిచేసే మందునే వదులుకున్నట్టు కావచ్చు. హెర్‌2 పాజిటివ్‌లో డోసెటాక్సెల్ అనే కీమోకు, హెర్‌2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్‌కు, అలాంటిదే అయిన పెర్టుజుమాబ్ కలిపిన క్లియోపాత్రా ట్రయల్‌లో జీవితకాలం (మీడియన్, అంటే సగం మంది దాటిన అంకె) 57.1 నెలలు, పెర్టుజుమాబ్ లేనివాళ్లలో 40.8. ఇక్కడ కీమో ఒక్కటే ఇవ్వడమంటే మొదటి అడుగే తప్పినట్టు.

1+ గానీ, 2+ వచ్చి ఫిష్ నెగటివ్ గానీ అయితే దాన్ని ఇప్పుడు 'హెర్‌2 లో' అంటున్నారు. 2022కు ముందు ఈ మాటకు వైద్యంలో పెద్ద విలువ లేదు. ఆ ఏడాది డెస్టినీ-బ్రెస్ట్04 ట్రయల్‌లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ (ట్రాస్టుజుమాబ్‌కు కీమోను అతికించిన మందు) తీసుకున్నవాళ్లలో జీవితకాలం 23.4 నెలలు, మామూలు కీమోలో 16.8 నెలలు అని తేలాక పాత ఫైళ్లు మళ్లీ తెరవాల్సి వచ్చింది. మీ రిపోర్టులో 'నెగటివ్' అని మాత్రమే ఉంటే, అది 0నా 1+నా అని ల్యాబ్‌లో అడిగి రాయించుకోండి.

నాలుగేళ్ల కిందట రొమ్ములో గడ్డ తీసినప్పటి రిపోర్టునే ఇప్పుడూ నమ్ముకోవద్దు. పాకిన చోట రిసెప్టర్లు మారిపోవచ్చు కాబట్టి, వీలైన చోటల్లా లివర్ నుంచో ఊపిరితిత్తి నుంచో కొత్తగా ముక్క తీయాలి. ఎముక నుంచి తీస్తే ఒక చిక్కుంది: ల్యాబ్‌లో దాన్ని ఘాటైన యాసిడ్‌తో మెత్తబరిస్తే ఈఆర్, హెర్‌2 అబద్ధపు నెగటివ్ చూపించవచ్చు. యాసిడ్ బదులు ఈడీటీఏ అనే రసాయనంతో చేయమని ముందే చెప్పించండి.

మూడూ నెగటివ్ అయితే ఇంకో రెండు పరీక్షలు కావాలి: పీడీ-ఎల్1 (రోగనిరోధక కణాలను ఆపే ప్రోటీన్), రక్తంలో బీఆర్‌సీఏ (పుట్టుకతో వచ్చే జన్యులోపం). పీడీ-ఎల్1ను కొలిచే సీపీఎస్ స్కోరు 10 గానీ అంతకు మించి గానీ ఉంటే కీమోకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు కలపడం వల్ల జీవితకాలం 16.1 నుంచి 23 నెలలకు పెరిగింది. బీఆర్‌సీఏ లోపం ఉంటే లెక్క ఎలా తిరగబడుతుందో బ్రిటన్‌లో జరిగిన టీఎన్‌టీ ట్రయల్ చెబుతుంది. అందరినీ కలిపి చూస్తే కార్బోప్లాటిన్, డోసెటాక్సెల్ దాదాపు సమానం. బీఆర్‌సీఏ లోపం ఉన్నవాళ్లను విడిగా చూస్తే కార్బోప్లాటిన్‌కు 68 శాతం మందిలో గడ్డ తగ్గింది, డోసెటాక్సెల్‌కు 33 శాతంలోనే.

అసలు కీమోతోనే మొదలుపెట్టాలా?

ఈఆర్ పాజిటివ్, హెర్‌2 నెగటివ్ అయితే చాలామందికి మొదట ఇవ్వాల్సింది హార్మోన్ మాత్ర, దానికి తోడు పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్‌లలో ఒకటి. 'లివర్‌లో మచ్చలున్నాయి కదా, మాత్రలతో ఎలా ఆగుతుంది, ముందు కీమో కొట్టేద్దాం' అనే భయం ఇళ్లలోనే కాదు, డాక్టర్లలోనూ ఉండేది. రైట్ ఛాయిస్ ట్రయల్ సరిగ్గా అలాంటివాళ్లనే, జబ్బు జోరుగా ఉన్నవాళ్లనే తీసుకుంది. హార్మోన్ మందుతో రైబోసిక్లిబ్ ఇస్తే జబ్బు ముదరకుండా నిలిచింది సుమారు 21.8 నెలలు. రెండు కీమో మందులు కలిపి ఇస్తే 12.8 నెలలు. పాల్బోసిక్లిబ్ పేటెంట్ 2023 జనవరిలో మన దేశంలో ముగిసి జెనరిక్ మాత్రలు వచ్చాయి కాబట్టి, 'మాత్రలైతే ఖరీదు' అన్న పాత లెక్కను కూడా ఒకసారి తిరగేయాలి.

దీనికి మినహాయింపు విసరల్ క్రైసిస్, అంటే జబ్బు వల్ల లోపలి అవయవం వేగంగా చెడిపోతున్న స్థితి. స్కాన్‌లో మచ్చలు కనిపించినంత మాత్రాన అది క్రైసిస్ కాదు, అవయవం పని ఆగిపోతూ ఉండాలి. పిత్తనాళం మూసుకుపోకుండానే రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగేది) వేగంగా పెరుగుతూ మామూలు హద్దుకు ఒకటిన్నర రెట్లు దాటడం, ఊపిరితిత్తుల చుట్టూ నీరు తీయించినా కూర్చున్నచోటే ఆయాసం తగ్గకపోవడం లాంటివి. చీటీలో ఈ మాట ఉంటే, 'ఏ అవయవం, ఏ అంకె చూసి అలా అన్నారు?' అని అడగడంలో తప్పు లేదు.

ఒక్కో మందా, రెండూ కలిపా?

అసలు తకరారంతా ఇక్కడే. అమెరికాలో జరిగి 2003లో వెలువడిన ఈ1193 ట్రయల్‌ను కాస్త దగ్గరగా చూడండి. కొందరికి డాక్సోరూబిసిన్ ఒక్కటే, కొందరికి పాక్లిటాక్సెల్ ఒక్కటే, మిగతావాళ్లకు రెండూ కలిపి ఇచ్చారు. గడ్డ తగ్గినవాళ్లు వరసగా 36, 34, 47 శాతం. ఇక్కడికి ఆపేస్తే కలిపి ఇవ్వడమే గెలిచినట్టు. కానీ జీవితకాలం చూస్తే 18.9, 22.2, 22 నెలలు. ఎక్కువ మందిలో గడ్డ తగ్గినా బతుకు పొడిగింది లేదు. కారణం ట్రయల్ కట్టిన తీరులోనే ఉంది: మొదటి మందు పనిచేయడం మానేశాక రెండోది ఇచ్చేలా ముందే రాసుకున్నారు. అంటే అందరికీ రెండు మందులూ అందే దారి ఉంది, కొందరికి ఒకేసారి, కొందరికి ఒకదాని వెనక ఒకటి.

ఇప్పుడు దీనికి ఎదురుగా డోసెటాక్సెల్, కేపెసిటాబిన్ జోడీ మీద 2002లో వచ్చిన ట్రయల్‌ను పెట్టండి. జోడీకి 14.5 నెలలు, డోసెటాక్సెల్ ఒక్కదానికి 11.5. మూడు నెలలు ఎక్కువ. అయితే డోసెటాక్సెల్ మాత్రమే తీసుకున్నవాళ్లలో తర్వాత కేపెసిటాబిన్ అందినవాళ్లు ఐదో వంతు కూడా లేరు. ఇక్కడ పోల్చింది 'కలిపి'తో 'వరసగా'ను కాదు, రెండు మందులతో ఒక మందును. ఏ కాంబినేషన్ గురించి ఎవరు ఏ అంకె చెప్పినా అడగాల్సింది ఇదే: ఒక్క మందు తీసుకున్నవాళ్లకు రెండోది తర్వాతైనా ఇచ్చారా? ఇవ్వకపోతే ఆ మూడు నెలలు కలపడం వల్ల వచ్చాయో, రెండో మందు అందినందుకు వచ్చాయో ఎవరూ చెప్పలేరు.

2013లో కొక్రేన్ అనే సంస్థ సమీక్ష 12 ట్రయల్స్‌ను, 2,317 మందిని కలిపి చూసినప్పుడు కలిపి ఇచ్చినా వరసగా ఇచ్చినా జీవితకాలంలో తేడా కనబడలేదు. తెల్లకణాలు పడిపోయి జ్వరం రావడం మాత్రం కలిపి ఇచ్చినవాళ్లలో ఎక్కువ. అందుకే మామూలుగా ఒక్కో మందే. జబ్బు వేగంగా అవయవాన్ని మింగేస్తుంటే, రెండో అవకాశం వచ్చే దాకా ఆగే వ్యవధి లేకపోతే అప్పుడు కలిపి ఇవ్వడంలో అర్థం ఉంది. ఆ 47 శాతం పనికొచ్చేది అక్కడే. నొప్పి మోస్తరుగా ఉండి, తిని తిరుగుతున్న మనిషికి తొందరపడి రెండూ ఒకేసారి ఎక్కించడం వల్ల లాభం కంటే నీరసమే ఎక్కువ.

వారం వారమా, మూడు వారాలకా?

మందు ఒకటే అయినా ఇచ్చే తీరును బట్టి ఫలితం మారుతుంది. పాక్లిటాక్సెల్ దీనికి మంచి ఉదాహరణ. సీఏఎల్‌జీబీ 9840 ట్రయల్‌లో ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు వారానికి 80 మి.గ్రా. చొప్పున తీసుకున్నవాళ్లలో 42 శాతం మందికి గడ్డ తగ్గింది, మూడు వారాలకు 175 తీసుకున్నవాళ్లలో 29 శాతానికి. జీవితకాలం 24 నెలలు, 12 నెలలు. కానీ చేతులు, పాదాల్లో తీవ్రమైన తిమ్మిరి వారం వారం తీసుకున్నవాళ్లలో 24 శాతం, రెండోవాళ్లలో 12 శాతం. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైందన్నా, కాలి చెప్పు జారిపోయినా తెలియట్లేదన్నా అది డోసు తగ్గించాల్సిన కబురు. తర్వాత చెబుదాంలే అని దాచుకుంటే కొంత తిమ్మిరి శాశ్వతంగా ఉండిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ముందే నరాలు దెబ్బతిని ఉంటాయి కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. పైగా పాక్లిటాక్సెల్‌కు ముందు ఇచ్చే డెక్సామెథసోన్ రెండు మూడు రోజులు షుగర్‌ను పైకి ఎగదోస్తుంది. వారం వారం అయితే ప్రతి వారమూ అదే తంతు.

డోసును మీరే ఒకసారి లెక్కకట్టండి

కీమో డోసులు ఒంటి వైశాల్యాన్ని బట్టి ఉంటాయి. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోల్లో తీసుకుని గుణించండి, 3,600తో భాగించి వర్గమూలం కట్టండి. 155 సెం.మీ., 58 కిలోల మనిషికి 155 × 58 = 8,990. 3,600తో భాగిస్తే 2.497. వర్గమూలం 1.58 చదరపు మీటర్లు. ఆమెకు వారం పాక్లిటాక్సెల్ 80 × 1.58, అంటే సుమారు 126 మి.గ్రా. మూడు వారాలకోసారి అయితే 175 × 1.58, సుమారు 276. ఒక వారానిది చూసి '126 ఏంటి, పక్క బెడ్ ఆవిడకు 280 రాశారే' అని కంగారు పడేవాళ్లకు సమాధానం ఇదే. మధ్యలో బరువు 10 శాతానికి మించి మారితే మళ్లీ లెక్కకట్టమనండి. ఆకలి పోయి తగ్గడం ఎలాగూ ఉంటుంది. కడుపులో నీరు చేరినా కాంటా మీద బరువు పెరిగినట్టే కనిపిస్తుంది, అది గుర్తుంచుకోండి.

కార్బోప్లాటిన్ లెక్క వేరు, అది కిడ్నీని బట్టి. ఏయూసీని (ఒంట్లో మందు ఎంత ఉండాలో డాక్టర్ ఎంచుకునే అంకె), జీఎఫ్‌ఆర్‌కు (కిడ్నీ వడకట్టే వేగం) 25 కలిపి వచ్చిన దానితో గుణించాలి. ఏయూసీ 5, జీఎఫ్‌ఆర్ 75 అయితే 5 × 100 = 500 మి.గ్రా. జీఎఫ్‌ఆర్ కట్టేది క్రియాటినిన్ రక్తపరీక్షతో, అది పాతదైతే ఈ అంకె మొత్తం తప్పుతుంది.

ఒక్కో మందుతో ఎక్కడ చిక్కు

డాక్సోరూబిసిన్‌కు జీవితకాల పరిమితి ఉంది, చదరపు మీటరుకు 450 నుంచి 550 మి.గ్రా. ఆ పైన గుండె కండరం దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుంది. మొదటిసారి ఆపరేషన్‌కు ముందో తర్వాతో ఏసీ (డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ జోడీ) అని నాలుగు డోసులు తీసుకుని ఉంటే అప్పుడే 60 × 4 = 240 ఖర్చయిపోయింది. పాత డిశ్చార్జ్ సమ్మరీ పోగొట్టుకుంటే ఈ లెక్క ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. అదే కోవకు చెందిన ఎపిరూబిసిన్‌కు పరిమితి చదరపు మీటరుకు 900 అంటారు. రెండూ తీసుకుని ఉంటే కలిపి లెక్కించాలి. మొదలుపెట్టే ముందు ఎకో (గుండె స్కాన్) తప్పనిసరి. మందు ఎర్రగా ఉంటుంది, ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు.

కేపెసిటాబిన్ మాత్ర కాబట్టి తేలిక అనుకుంటారు. తప్పులు ఎక్కువ జరిగేది దీంతోనే, ఎందుకంటే ఇంట్లో మింగేది. కంపెనీ కాగితం మీద చదరపు మీటరుకు 1,250 మి.గ్రా. రోజుకు రెండుసార్లు అని ఉంటుంది, చాలామంది డాక్టర్లు 1,000తో మొదలుపెడతారు. పై ఉదాహరణలోని మనిషికి అది 1,580, అంటే 500 మి.గ్రా. మాత్రలు పొద్దున మూడు, రాత్రి మూడు, తిన్న అరగంటలోపు. 14 రోజులు వేసుకుని 7 రోజులు మానాలి. మానాల్సిన వారంలో కూడా 'మిగిలాయి కదా' అని వేసేసుకోవడం, పొద్దున మర్చిపోయి రాత్రి ఆరు మింగడం, రెండూ మనిషిని హాస్పిటల్లో పడేస్తాయి. క్యాలెండర్ మీద మాత్ర వేసుకునే రోజులకు టిక్కు, మానే రోజులకు గీత పెట్టండి. మామూలు కంటే రోజుకు నాలుగు విరేచనాలు ఎక్కువైతే మాత్ర ఆపి ఫోన్ చేయాలి, డోసు మధ్యలో ఉన్నా సరే. వార్ఫరిన్, ఫెనిటాయిన్ వాడేవాళ్లు ముందే చెప్పాలి. మొదటి సైకిల్‌లోనే నోరు పూసి, విరేచనాలు, తెల్లకణాలు అన్నీ ఒకేసారి దెబ్బతింటే ఈ మందును ఒంట్లో కరిగించే డీపీడీ ఎంజైమ్ లోపం ఉందేమోనని అనుమానించాలి. అలాంటివాళ్లకు మళ్లీ అదే డోసు ఇవ్వకూడదు.

అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడే హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ కేపెసిటాబిన్‌కు దగ్గరి చుట్టం. వేడి నీళ్లతో గిన్నెలు తోమడం, ఎండలో డాబా మీద చెప్పుల్లేకుండా తిరగడం మానాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మందితో చేసిన డీ-టార్చ్ ట్రయల్‌లో 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ రోజుకు రెండుసార్లు చేతులకు 12 వారాలు రాసుకున్నవాళ్లలో ఇబ్బందిపెట్టే స్థాయి సిండ్రోమ్ 3.8 శాతం, మందు లేని ఉత్త జెల్ రాసుకున్నవాళ్లలో 15 శాతం. మందుల షాపులో ఇంత చవగ్గా దొరికే దానితో ఇంత తేడా రావడం అరుదు. మాత్ర మొదలుపెట్టే రోజే దీని గురించి అడగండి.

వినోరెల్బిన్, డాక్సోరూబిసిన్ రెండూ నరం బయటకి కారితే చర్మం, కండ కాలిపోతాయి. సూది దగ్గర మంట అనిపించిన క్షణమే నర్సును పిలవాలి, 'బాటిల్ అయిపోవస్తోంది కదా' అని ఓర్చుకోకూడదు. నరాలు దొరకనివాళ్లకు కీమో పోర్ట్ (ఛాతీ దగ్గర చర్మం కింద అమర్చే మందు ఎక్కించే పరికరం) పెట్టించడం వృథా ఖర్చు కాదు. ఎరిబులిన్ రెండు మూడు మందులు అయిపోయాక వచ్చేది, సైకిల్‌లో 1వ రోజున, 8వ రోజున ఇస్తారు. అప్పటికే చాలా కీమో చూసినవాళ్లలో జీవితకాలాన్ని 10.6 నుంచి 13.1 నెలలకు పెంచింది. ఇక పెద్ద వయసువాళ్లకు, నీరసించినవాళ్లకు మెట్రోనామిక్ అనే చిన్న డోసుల పద్ధతి ఉంది: సైక్లోఫాస్ఫమైడ్ 50 మి.గ్రా. రోజూ, మెథోట్రెక్సేట్ 2.5 మి.గ్రా. వారంలో రెండు రోజులు మాత్రమే, పూటకొకటి. ఆ 'వారంలో రెండు రోజులు' అన్నది చీటీ మీద వారాల పేర్లతో రాయించుకోండి, ఉదాహరణకు సోమ, మంగళ. మెథోట్రెక్సేట్‌ను రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

పనిచేస్తోందా లేదా, ఎప్పుడు మార్చాలి?

సాధారణంగా రెండు మూడు నెలలకోసారి స్కాన్. రిపోర్టులో ఎంచుకున్న మచ్చల కొలతలు కూడి చూడండి. 30, 25, 15 మి.మీ. ఉంటే మొత్తం 70. అది 49కి దిగితే 30 శాతం తగ్గినట్టు, దాన్నే పార్షియల్ రెస్పాన్స్ అంటారు. ముదిరిందని అనాలంటే, అన్నిటికంటే తక్కువగా ఉన్నప్పటి మొత్తం మీద 20 శాతం, కనీసం 5 మి.మీ. పెరగాలి, లేదా కొత్త మచ్చ రావాలి. 50 నుంచి 54కు వెళ్తే అది పెరగడం కిందికి రాదు. స్టేబుల్ అన్న మాట విని దిగులుపడేవాళ్లు చాలామంది, ఈ దశలో అది మంచి కబురే.

సీఏ 15-3 (క్యాన్సర్ తీరును చూపే రక్తపరీక్ష) అంకె మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో పెరిగినా అది మందు పనిచేస్తూ కణాలు చస్తున్నందుకు కావచ్చు. బోన్ స్కాన్‌లో కూడా మానుతున్న ఎముక కొత్త మచ్చలా మెరుస్తుంది. అమెరికాలో స్వాగ్ ఎస్0500 ట్రయల్‌లో రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు తగ్గలేదని ముందే మందు మార్చి చూశారు, జీవితకాలం పెరగలేదు. ఉన్న మందును తొందరపడి పారేసుకుంటే వరసలో ఒకటి తగ్గిపోతుంది, అంతే.

పనిచేస్తుంటే ఎంతకాలం ఇవ్వాలన్నది ఇంకో పేచీ. 2011లో 11 ట్రయల్స్‌ను కలిపి చూసిన విశ్లేషణలో ఎక్కువ కాలం ఇస్తే ముదిరే ముప్పు 36 శాతం తగ్గింది, చనిపోయే ముప్పు మాత్రం 9 శాతమే. 9 శాతం అంటే బతుకు 9 శాతం పొడిగిందని కాదు, అటు ఇటు అర్థం చేసుకోవద్దు. ఈఆర్ పాజిటివ్‌వాళ్లకు ఆరేడు సైకిళ్ల తర్వాత కీమో ఆపి హార్మోన్ మందుకు మారడం తరచూ మంచి మధ్యేమార్గం.

'రొమ్ములో గడ్డ ఉండగా మందులెందుకు, ముందు తీసేయొచ్చు కదా' అని చుట్టాలు అడుగుతారు. ముంబై టాటా మెమోరియల్‌లో 350 మందితో జరిపిన ట్రయల్ 2015లో జవాబిచ్చింది: మొదటి నుంచే పాకి ఉన్నవాళ్లలో ఆపరేషన్ చేస్తే 19.2 నెలలు, చేయకపోతే 20.5. గడ్డ పుండై రక్తం కారుతుంటే తప్ప ఆపరేషన్‌తో ఒరిగేది లేదు.

ప్రతి సైకిల్‌కు ముందు, తర్వాత

సీబీపీలో (రక్తకణాల లెక్క) తెల్లకణాల మొత్తం చూసి ఊరుకోకండి, వాటిలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ లెక్క కట్టండి. మొత్తం 3,200, న్యూట్రోఫిల్స్ 40 శాతం అయితే 1,280. మూడు వారాల కీమోకు మామూలుగా 1,500, ప్లేట్‌లెట్లు లక్ష కావాలి. వారం కీమోకు 1,000 ఉన్నా ఇస్తారు. డోసెటాక్సెల్ అయితే బిలిరుబిన్ హద్దు దాటి ఉండకూడదు. మొదటి సైకిల్‌కు ముందే హెపటైటిస్ బి పరీక్ష చేయించాలి, నిద్రపోతున్న వైరస్‌ను కీమో, స్టెరాయిడ్ కలిసి లేపగలవు. తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్ కీమో అయిన 24 గంటల తర్వాతే. ఊరికి బస్సు దొరకదని అదే రోజు చేయించుకుంటే మేలు బదులు కీడు చేస్తుంది.

ఇంట్లో థర్మామీటర్ ఉండాలి. 100.4 డిగ్రీలు గంటసేపు నిలిచినా, 101 ఒక్కసారి చూపించినా అర్ధరాత్రయినా బయలుదేరాలి. ముందు పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దామనుకోవడం వల్లే ప్రాణాలు పోతాయి. మాత్ర జ్వరాన్ని దాస్తుంది, ఇన్ఫెక్షన్‌ను కాదు.

రోజులు, డబ్బు కూడా లెక్కలో వేయండి

ఒక కాగితం మీద రెండు చీటీలకూ రెండు గళ్లు గీసి, 12 వారాలకు హాస్పిటల్లో గడిపే రోజులు రాయండి. వారం పాక్లిటాక్సెల్‌కు మూడు వారాలు ఎక్కించి ఒక వారం ఆపే పద్ధతిలో 9 సార్లు, మూడు వారాలదైతే 4 సార్లు. కేపెసిటాబిన్‌కు డాక్టర్‌ను చూడడానికి 4 సార్లు వెళ్తే చాలు, సూది లేదు. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చేవాళ్లకు, తోడుగా వచ్చే మనిషి కూలీ పోగొట్టుకునే ఇళ్లకు ఈ తేడా మామూలుది కాదు. డాక్టర్‌తో ఈ మాట అనడానికి మొహమాటపడకండి. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ లాంటి చోట్ల దీన్ని వైద్యంలో భాగంగానే చూస్తారు.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద వెళ్తుంటే చీటీలోని ప్రతి మందు పేరూ చూపించి, అది ప్యాకేజీలో ఉందా, ఎన్ని సైకిళ్లకు అనుమతి, మధ్యలో మందు మారితే కొత్త అనుమతికి ఎన్ని రోజులు అని పథకం కౌంటర్‌లో రాసి ఇవ్వమనండి. అనుమతి ఆలస్యమైతే సైకిల్ జరిగిపోతుంది, కాబట్టి స్కాన్ రోజునే ఆ పని మొదలవ్వాలి.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు సినిమా రీలంత ఫైలు అక్కర్లేదు. బయాప్సీ రిపోర్టు, దాని పారాఫిన్ బ్లాకు (తీసిన ముక్కను మైనంలో దాచిన దిమ్మ), మొదటి స్కాన్, తాజా స్కాన్ సీడీలు, ఇప్పటిదాకా తీసుకున్న మందుల పేర్లు, మి.గ్రా., తేదీలు ఒక పేజీలో. బ్లాకు హాస్పిటల్ దగ్గరే ఉండిపోతుంది, అడిగితే రసీదు రాయించుకుని ఇస్తారు. దాన్ని ఎండకు వదిలేసిన కారులో ఉంచితే మైనం మెత్తబడవచ్చు, హ్యాండ్‌బ్యాగులోనే తీసుకెళ్లండి.